లండన్‌లో కార్డినల్ మానింగ్ ఇంటి మీద ఫలకం: "ఇక్కడ నివసించారు" అంటే సరిపోతుందా?

పిమ్లికో_శ్రీను రాశారు:
అందరికీ నమస్కారం. నేను లండన్‌లో విక్టోరియా స్టేషన్ దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం తిన్నాక కాస్త నడిచొద్దామని వెళ్తుంటాను కదా, అక్కడికి దగ్గర్లోనే కార్లైల్ ప్లేస్ అని ఒక వీధి ఉంది, అందులో 22వ నంబరు బిల్డింగ్ గోడ మీద ఒక స్మారక ఫలకం ఉంది. కార్డినల్ మానింగ్, 1808–1892, ఇక్కడ నివసించారు. అంతే. ఇంకో ముక్క లేదు. రోజూ వందల మంది ఆ గోడ పక్క నుంచే స్టేషన్‌కి పరిగెడతారు, ఒక్కరు తలెత్తి చూడటం నేను చూడలేదు.

ఎవరీయన అని చదవడం మొదలుపెట్టాక నాకు నిజంగా బాధేసింది. 1889లో లండన్ రేవు కూలీలు పెద్ద సమ్మె చేశారు, కంపెనీలు దిగిరాలేదు, ఆ సమ్మెను కూలీలకి మేలు జరిగేలా ముగింపుకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు ఈ ఇంట్లో ఉన్న 81 ఏళ్ళ ముసలాయన. ఆ సంగతి ఫలకం మీద లేదు. ఆయన క్యాథలిక్ ఆర్చ్‌బిషప్ అన్నది కూడా "కార్డినల్" అనే మాటను (క్యాథలిక్ సంఘంలో పోపు తర్వాతి హోదా అది) బట్టి మనమే ఊహించుకోవాలి.

నా ప్రశ్న ఇది. ఒక మనిషి ఎందుకు గుర్తుండాలో చెప్పని ఫలకం వల్ల ఉపయోగం ఏమిటి? చరిత్ర తెలిసినవాళ్ళు, క్రైస్తవ సంఘాల గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీ అభిప్రాయం చెప్పండి.

గుణదల_అమ్మాయి రాశారు:
శ్రీను గారూ, ఈయన పేరు ఇక్కడ చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా ఇంట్లో నాన్నగారు విచారణ (అంటే మా చర్చి పరిధి) సంఘం పనులు చూసేవారు, కార్మికుల హక్కుల గురించి తిరుసభ (క్యాథలిక్ సంఘం) ఏం చెప్పిందని ఎవరన్నా అడిగితే 1891లో పోపు 13వ లియో గారు విడుదల చేసిన విశ్వలేఖ (సంఘమంతటికీ పోపు రాసే లేఖ) గురించి చెప్పేవారు. న్యాయమైన జీతం, సంఘం పెట్టుకునే హక్కు, ఇవన్నీ అందులో ఉన్నాయి. అది రావడానికి ముందు ఆ దిశగా గట్టిగా మాట్లాడిన పెద్దల్లో మానింగ్ గారు ఒకరు. ఆకలితో చచ్చిపోతున్న మనిషికి పక్కవాడి రొట్టె మీద సహజ హక్కు ఉంటుందని ఆయన రాస్తే లండన్ పెద్దమనుషులు గోల గోల చేశారు. విక్టోరియా రాణి కాలంలో, ఒక కార్డినల్ నోటి నుంచి ఆ మాట!

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆయన పుట్టుకతో క్యాథలిక్ కాదు. ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ అధికారిక చర్చి) పాస్టరు, పెళ్ళైంది, భార్య పేరు కారోలిన్. 1833లో పెళ్ళి, 1837లో ఆమె క్షయతో పోయింది. పిల్లలు లేరు, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1851లో క్యాథలిక్ సంఘంలోకి వచ్చారు, అదే ఏడాది గురువు (ఫాదర్) అయ్యారు, 1865లో వెస్ట్‌మినిస్టర్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్), 1875లో కార్డినల్. భార్య చేత్తో రాసుకున్న చిన్న ప్రార్థనల పుస్తకం ఒకటి చివరి దాకా ఆయన దగ్గరే ఉంది, చనిపోయే ముందు తన తర్వాత ఆ పీఠం ఎక్కబోయే వాన్ గారి చేతిలో పెట్టారు. ఆ పుస్తకంలోని ప్రార్థనలే రోజూ చెప్పుకునేవారట.

ఇవేవీ ఫలకం మీద పట్టవు, నిజమే. కానీ సమ్మె సంగతి ఒక్క లైను పడుతుంది కదా.

హార్బర్_కుర్రోడు రాశారు:
శ్రీనన్నా, ఈ సమ్మె గురించి కాస్త వివరంగా చెప్పవా. మాది వైజాగ్, మా నాన్న పోర్టులో బస్తాలు మోసే కళాసీ. లండన్ రేవు అంటే నాకు సినిమాల్లో చూసిన క్రేన్లే గుర్తొస్తాయి. అక్కడ కూడా మన దగ్గరలాగే పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిలుపు కోసం చూసేవాళ్ళా?

పిమ్లికో_శ్రీను రాశారు:
తమ్ముడూ, అచ్చం అంతే. నేను చదివింది చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

అప్పట్లో లండన్ రేవుల్లో ఎక్కువమందికి నెల జీతం కాదు, రోజు కూలీ కూడా కాదు, గంట కూలీ. పొద్దున్నే గేటు దగ్గర వందల మంది గుమిగూడేవాళ్ళు, మేస్త్రీ వచ్చి కొంతమందిని వేలు చూపించి పిలిచేవాడు. ఆ పిలుపులో పడటం కోసం ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు ఎక్కేవాళ్ళు, బట్టలు చినిగేవి, కొట్టుకునేవాళ్ళు. పిలిచాక కూడా గంటో రెండు గంటలో పని చేయించుకుని, సరుకు అయిపోయింది పొండి అని పంపేసేవాళ్ళు. గంటకి 5 పెన్నీలు.

1889 ఆగస్టు 14న వెస్టిండియా డాక్‌లో ఒక ఓడ సరుకు దించినప్పుడు రావాల్సిన బోనస్ దగ్గర గొడవ మొదలైంది. కూలీలు అడిగింది గంటకి 6 పెన్నీలు, ఓవర్‌టైమ్‌కి 8, ఇంకా ఒకసారి పిలిస్తే కనీసం నాలుగు గంటల పని. గంటకి ఒక్క పెన్నీ పెంచమని అడిగారు, అంతకంటే పెద్ద కోరికేం కాదు. కొన్నాళ్ళలోనే సమ్మెలో లక్ష మంది దాకా చేరారని చెప్తారు, ప్రపంచంలోకెల్లా పెద్ద రేవు ఆగిపోయింది. బెన్ టిల్లెట్, టామ్ మాన్, జాన్ బర్న్స్ నాయకులు. ఊరేగింపులు రోజూ సిటీ మధ్యలోంచి వెళ్ళేవి. ఒక దశలో చేతిలో డబ్బు లేక పిల్లలకి తిండి లేక సమ్మె కూలిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు ఎక్కడో ఆస్ట్రేలియా నుంచి అక్కడి కార్మికులు, మామూలు జనం చందాలు పోగుచేసి 30 వేల పౌండ్ల పైన పంపించారు. దాంతో నిలబడ్డారు.

మానింగ్ గారు అక్కడ దిగారు. డాక్ కంపెనీల డైరెక్టర్ల దగ్గరికి స్వయంగా వెళ్ళారు, వాళ్ళు మర్యాదగా మాట్లాడి ఖాళీ చేతులతో పంపించారు. తర్వాత లార్డ్ మేయర్ ఆధ్వర్యంలో రాజీ కమిటీ వేశారు, అందులో ఆంగ్లికన్ బిషప్ కూడా ఉన్నారు, ఆయన మధ్యలో తప్పుకున్నారు, ఈయన మాత్రం కదల్లేదు. కంపెనీలు ఆ ఒక్క పెన్నీ ఇస్తాంగానీ కొత్త సంవత్సరం నుంచి అన్నాయి, కూలీలు ఇప్పుడే కావాలన్నారు. సెప్టెంబరు 10న రేవు కూలీల వాడ అయిన పాప్లర్‌లో కిర్బీ స్ట్రీట్ క్యాథలిక్ బడిలో సమ్మె నాయకులతో కూర్చుని గంటల తరబడి మాట్లాడారు. నవంబరు 4 నుంచి అన్న మధ్యే మార్గానికి ఒప్పించారు. సెప్టెంబరు 16న జనం పనిలోకి వెళ్ళారు, 6 పెన్నీలు గెలిచారు.

81 ఏళ్ళ వయసులో, అసలే బక్కపలచటి మనిషి, ఇంట్లో కూర్చుని ప్రకటన ఇచ్చి ఊరుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు.

గుణదల_అమ్మాయి రాశారు:
ఆ బడిలో జరిగిన మీటింగు గురించి ఒక మాట. ఆయన కూలీల పెళ్ళాం పిల్లల ఆకలి గురించి మాట్లాడుతూ చెయ్యెత్తినప్పుడు, ఆ చేతికి పైన గోడకి మరియమాత బాలయేసు బొమ్మ ఉందట, దాని చుట్టూ ఒక్కసారి వెలుగు వచ్చినట్టు అనిపించిందని అక్కడున్న కార్మికుల్లో కొందరు తర్వాత చెప్పుకున్నారు. రేవు కూలీల్లో చాలామంది ఐర్లాండు నుంచి వచ్చిన క్యాథలిక్కులు, కాబట్టి ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. గుణదల కొండ ఎక్కేవాళ్ళకి ఎవరికైనా అర్థమవుతుంది.

కొత్తపేట_రవి రాశారు:
అందరూ హారతులు పడుతున్నారు, నేను రెండో వైపు చెప్తాను, ఏమనుకోకండి. మానింగ్ తండ్రి విలియం మానింగ్ వెస్టిండీస్ వ్యాపారి, పార్లమెంటు సభ్యుడు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్‌గా చేసినవాడు. వెస్టిండీస్ వ్యాపారం అంటే చెరకు తోటలు, చెరకు తోటలంటే బానిసలు. బానిస వ్యాపారం రద్దు చెయ్యొద్దని వాదించిన వర్గంలో ఆయన పెద్ద తలకాయ. 1831లో దివాలా తీశాడు, అది వేరే సంగతి, కానీ కొడుకు హారో స్కూల్లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ఆ సొమ్ముతోనే.

ఇక మానింగ్ సొంత చరిత్ర. 1869–70 వాటికన్ మహాసభలో పోపు మాటకి తిరుగులేదన్న సిద్ధాంతాన్ని నెగ్గించడానికి అందరికంటే ఎక్కువ తిరిగిన మనిషి ఈయనే. క్యాథలిక్ కుర్రాళ్ళు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకి వెళ్ళకుండా అడ్డుపడ్డాడు. తనలాగే ఆంగ్లికన్ సంఘం వదిలి వచ్చిన న్యూమన్ లాంటి మేధావిని ఏళ్ళ తరబడి అనుమానంగానే చూశాడు. ఇవన్నీ పక్కనపెట్టి ఒక్క సమ్మె లైను చెక్కిస్తే అది చరిత్ర అవుతుందా, పొగడ్త అవుతుందా? ఆ లెక్కన పేరు, సంవత్సరాలు, ఇక్కడ ఉన్నాడు అని ఊరుకోవడమే నిజాయితీ.

పాతపుస్తకాల_మాస్టారు రాశారు:
చర్చ బాగుంది. నేను రిటైరైన టీచర్ని, మాది తెనాలి. ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను, ఆ ఇంటికి గాంధీ గారు వెళ్ళారు.

అవును, మన గాంధీ గారే. 1888 నుంచి 1891 దాకా లండన్‌లో లా చదువుతున్నారు కదా, ఇరవై ఇరవై ఒకటేళ్ళ కుర్రాడు. ఆ రోజుల్లో నారాయణ్ హేమచంద్ర అనే గుజరాతీ రచయిత లండన్ వచ్చాడు. గాంధీ గారు తన ఆత్మకథలో ఆయన్ని వర్ణించిన తీరు చదివి తీరాలి. పొట్టి మనిషి, పొడుగాటి గడ్డం, వేలాడే ప్యాంటు, పార్సీల పద్ధతిలో నలిగిపోయిన గోధుమరంగు కోటు, టై లేదు, కాలర్ లేదు, నెత్తిన కుచ్చులున్న ఉన్ని టోపీ. ఇంగ్లీషు సరిగా రాదు, గాంధీ గారి దగ్గరే నేర్చుకునేవాడు. రేవు సమ్మెను జాన్ బర్న్స్, కార్డినల్ మానింగ్ ఒక కొలిక్కి తెచ్చారనీ, ఆ కార్డినల్ చాలా నిరాడంబరంగా ఉంటాడనీ గాంధీ గారు చెప్పగానే, అయితే ఆ మహాత్ముణ్ణి చూడాల్సిందే అని కూర్చున్నాడు.

గాంధీ గారు ఉత్తరం రాసి టైము అడిగారు. కార్డినల్ సరేనన్నారు. ఇద్దరూ వెళ్ళారు. గాంధీ గారు పద్ధతి ప్రకారం సూటు వేసుకున్నారు, హేమచంద్ర అదే కోటు అదే ప్యాంటు. వీళ్ళు కూర్చోగానే పొడుగ్గా సన్నగా ఉన్న వృద్ధుడు లోపలినుంచి వచ్చి ఇద్దరికీ చెయ్యి కలిపారు. మీ గురించి విన్నాను, సమ్మె చేసినవాళ్ళకి మీరు చేసిన మేలుకి ధన్యవాదాలు చెప్పాలని వచ్చాను, లోకంలోని రుషుల్ని దర్శించడం నా అలవాటు అని హేమచంద్ర గుజరాతీలో చెప్పాడు, దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది గాంధీ గారు. మీరు వచ్చినందుకు సంతోషం, లండన్ మీకు పడాలి, దేవుడు మిమ్మల్ని దీవించుగాక అని ఆయన లేచి నిలబడ్డారు. అంతే, నాలుగు నిమిషాల భేటీ అయ్యుంటుంది.

తర్వాత 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికుల సమ్మెలో మధ్యవర్తిత్వం గురించి, కూలీ పెంపు గురించి గాంధీ గారు నడిపిన పోరాటం మనకి తెలుసు. దీనికీ దానికీ ముడిపెట్టి నేను పెద్ద మాటలు చెప్పను. కానీ కార్మికుల పక్షాన మాట్లాడిన ఒక మతపెద్దను ఆ కుర్రాడు ఇరవయ్యేళ్ళ వయసులో కళ్ళారా చూశాడు, అది ఆ గోడల మధ్యే జరిగింది. శ్రీను గారూ, రేపు అటు వెళ్ళినప్పుడు ఆ గుమ్మం వంక ఇంకోసారి చూడండి.

పిమ్లికో_శ్రీను రాశారు:
మాస్టారూ, ఒళ్ళు జలదరించింది! ఆ వీధిలో రోజూ తిరుగుతూ నాకీ సంగతి తెలియదు. గాంధీ గారి సొంత ఫలకం వెస్ట్ కెన్సింగ్టన్ వైపు బారన్స్ కోర్ట్ రోడ్డులో 20వ నంబరు ఇంటికి ఉంది, లా విద్యార్థిగా ఇక్కడ ఉన్నారని రాసి ఉంటుంది. అక్కడికి మనవాళ్ళు ఫొటోల కోసం వెళ్తారు. ఇక్కడికి ఎవరూ రారు.

క్యామ్డెన్_సుధ రాశారు:
నేను కూడా లండనే. ఫలకాల గురించి కొంచెం చెప్తాను. 1866లో మొదలైన పథకం ఇది. మొదటి ఫలకం 1867లో కవి బైరన్ పుట్టిన ఇంటికి పెట్టారు, ఆ ఇల్లే తర్వాత కూల్చేశారు. 1901 నుంచి లండన్ కౌంటీ కౌన్సిల్, ఆ తర్వాత గ్రేటర్ లండన్ కౌన్సిల్, 1986 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ చూస్తున్నాయి. ఇప్పుడున్న నియమాల ప్రకారం మనిషి పోయి కనీసం 20 ఏళ్ళు అవ్వాలి, ఆ మనిషి ఉన్న అసలు బిల్డింగ్ నిలిచి ఉండాలి, పాతది పడగొట్టి అదే జాగాలో కొత్తది కడితే పెట్టరు.

పాతకాలపు ఫలకాల్లో చాలా వాటికి పేరు, సంవత్సరాలే. తర్వాత తర్వాత ఎవరో చెప్పడం మొదలైంది. మనవాళ్ళందరికీ తెలిసినదే చెప్తాను, ప్రింరోజ్ హిల్ దగ్గర 10 కింగ్ హెన్రీస్ రోడ్డు, అంబేడ్కర్ గారు 1921–22లో ఉన్న ఇల్లు. అక్కడ ఆయన పేరు కింద, సామాజిక న్యాయం కోసం పోరాడిన భారతీయుడు అని ఉంటుంది. ఆయన ఎవరో తెలియని ఇంగ్లీషు పిల్ల స్కూలు నుంచి వస్తూ చదివినా ఒక్క ముక్కలో అర్థమవుతుంది. ఆ ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొంది, లోపల మ్యూజియం ఉంది. మా పిల్లల్ని తీసుకెళ్తే ఆ మాట చదివే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు, ఎవరితో పోరాడారమ్మా, ఎందుకమ్మా అని. మానింగ్ గారి ఫలకం ముందు నిలబెడితే ఏం అడుగుతారు? ఏమీ అడగరు.

రవి గారూ, ఒక్క లైను రాస్తే పొగడ్త అవుతుందంటున్నారు. అంబేడ్కర్ గారి విషయంలో కూడా అదే అంటారా?

కొత్తపేట_రవి రాశారు:
సుధ గారూ, అంబేడ్కర్ జీవితమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా అదే పోరాటం. మానింగ్‌కి సమ్మె చివరి మూడేళ్ళలో ఒక అధ్యాయం. అదే తేడా.

గుణదల_అమ్మాయి రాశారు:
రవి గారూ, ఒక అధ్యాయం కాదండీ. తాగుడు మీద ఆయన 1870ల్లోనే పేదవాడల్లో ఉద్యమం నడిపారు, వేదికలెక్కి మాట్లాడారు, తనే మద్యం మానేశారు. 1884లో కార్మికుల ఇళ్ళ పరిస్థితి మీద ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యులు, యువరాజుతో పాటు కూర్చున్నారు. చర్చి విషయం చూడండి. అగ్రపీఠాధిపతి అయినప్పుడు లండన్‌లో క్యాథలిక్కులకి పెద్ద కతీడ్రల్ లేదు, డబ్బున్నవాళ్ళు కట్టమని వెంటపడ్డారు. ఆయన స్థలం కొని పెట్టారు గానీ కట్టలేదు. వేలమంది పేద పిల్లలు బడి లేకుండా వీధుల్లో తిరుగుతుంటే రాళ్ళు ఇటుకలు పేర్చనా అన్నది ఆయన మాట సారాంశం. డబ్బంతా బళ్ళకి, అనాథాశ్రమాలకి పోయింది. ఇప్పుడున్న వెస్ట్‌మినిస్టర్ కతీడ్రల్ పని ఆయన పోయాక, 1895లో మొదలైంది.

తండ్రి సొమ్ము గురించి మీరన్నది నిజం, దాచక్కర్లేదు. వెస్టిండీస్ వ్యాపారి కొడుకు వెస్టిండియా డాక్ కూలీల కోసం 81 ఏళ్ళప్పుడు డైరెక్టర్ల గుమ్మం ఎక్కాడంటే నాకది ఇంకా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

రాజమండ్రి_నాని రాశారు:
నా మట్టుకు ఫలకం ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. మన ఊళ్ళలో శిలాఫలకాలు చూస్తున్నాం కదా, మంచినీళ్ళ ట్యాంకుకి కూడా మంత్రి గారు, ఎమ్మెల్యే గారు, జడ్పీ చైర్మన్ గారు, అధ్యక్షత వహించినవారు, అందరి పేర్లూ బంగారు రంగులో, ట్యాంకు ఎన్ని లీటర్లదో మాత్రం ఉండదు. పోపు ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్‌లో పోయారు, సమాధి మీద ఫ్రాన్సిస్కుస్ అన్న ఒక్క పేరే ఉండాలని ముందే వీలునామాలో రాసుకున్నారు, అలాగే చేశారు. మన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోని గారిని 2022లో కార్డినల్ చేసింది ఆయనే, తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లో మొదటి కార్డినల్. అంత పని చేసిన మనిషికి ఒక్క పేరు చాలింది. మానింగ్‌కి ఎందుకు చాలదు?

క్యామ్డెన్_సుధ రాశారు:
నానీ, సమాధి వేరు, వీధి గోడ వేరు. సమాధి దగ్గరికి ఎవరిదో తెలిసే వెళ్తాం. పైగా ఆ ఒక్క పేరు చాలన్నది పోయిన మనిషి కోరిక. వీధిలో ఫలకం దారిన పోయే, ఏమీ తెలియని మనిషి కోసం.

హార్బర్_కుర్రోడు రాశారు:
నేనొకటి చెప్పొచ్చా. మీరంతా ఇంటి గోడ మీద ఏం రాయాలని మాట్లాడుతున్నారు. నాకైతే అసలు ఇల్లే సరైన చోటు కాదనిపిస్తోంది. ఆయన చేసింది ఆ ఇంట్లో కాదు కదా, పాప్లర్‌లో ఆ బడిలో. కూలీల వాడలో. ఫలకం ఉండాల్సింది అక్కడ. కూలీల మనవళ్ళు మునిమనవళ్ళు చదివే చోట.

మా నాన్న దగ్గర ఇనప కొక్కెం ఉండేది, గోనె బస్తాకి గుచ్చి లాగేది, చెక్క పిడి అరిగిపోయి ఆయన వేళ్ళ అచ్చు పడిపోయింది. ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆయన చేరిన కొత్తలో ఒక కాంట్రాక్టర్ దగ్గర చేసేవాడు, పొద్దున్న నాలుగింటికే వెళ్ళి నిలబడేవాడు, మేస్త్రీకి టీ, బీడీ ఖర్చు పెట్టుకుంటేనే పిలుపు. ఏ రోజు పని దొరుకుతుందో తెలియదు, అమ్మకి రోజూ టెన్షనే. తర్వాత డాక్ లేబర్ బోర్డులో పేరు నమోదయ్యాక గానీ మా ఇంట్లో కుదురు రాలేదు. పని లేని రోజున హాజరు వేయించుకుంటే కొంత డబ్బు వచ్చేది. నాన్న ఆ హాజరు డబ్బు గురించి చెప్పేటప్పుడు జీతం గురించి కంటే గర్వంగా చెప్పేవాడు. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చింది కాబట్టి ఆ బోర్డులు వచ్చాయి. అలాంటిది ఏదీ లేని కాలంలో, పిలిస్తే కనీసం నాలుగు గంటలు పని ఇవ్వండి అని లండన్‌లో అడిగారని శ్రీనన్న రాసింది చదివి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఎవరు ఇప్పించారు అని అడిగాడు. చర్చి పెద్దాయన ఒకరు మధ్యలో ఉన్నారు నాన్నా అన్నాను. పేరు ఏంటన్నాడు.

ఆ పేరు తెలియాల్సింది మా నాన్న లాంటి వాళ్ళకి. విక్టోరియాలో ఆఫీసులకి పోయేవాళ్ళకి తెలిసినా తెలియకపోయినా ఒకటే.

పాతపుస్తకాల_మాస్టారు రాశారు:
బాబూ, నువ్వు చెప్పినదాంట్లో చాలా ఉంది. గొప్పవాళ్ళ ఇళ్ళకి గుర్తులు పెడతాం, పని జరిగిన చోటుకి పెట్టం. మన దగ్గరా అంతే. గురజాడ గారి ఇల్లు విజయనగరంలో ఉంది, వీరేశలింగం గారి ఇల్లు రాజమండ్రిలో ఉంది, వాటిని కాపాడుకోవాల్సిందే. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊళ్ళో ఎంత గొడవైందో, ఆ ఊరేగింపు ఏ వీధుల్లోంచి వెళ్ళిందో మాత్రం మామూలు జనానికి చూపించే గుర్తు ఉండాలి కదా అనిపిస్తుంది నాకు.

అయితే ఇంటి ఫలకాన్ని కొట్టిపారెయ్యకు. ఈ ఇల్లు కూడా ఆయన గురించి చెప్తుంది. అది బిషప్ కోసం కట్టిన భవనం కాదు, గార్డ్స్ సైనికుల క్లబ్బుగా కట్టారు, నడవక మూతపడితే 1872లో ఈయన కొని మరుసటి ఏడాది దిగారు. పెద్ద పెద్ద గదులు, అలంకారం లేదు, బ్యారక్‌లాగా ఉండేదని వచ్చినవాళ్ళు రాశారు. చలికాలంలో ముసలాయన ఆ గదుల్లో నిప్పు దగ్గర కూర్చుని ఉత్తరాలు రాసుకునేవాడు. సమ్మె నాయకులూ, పేదలూ, గాంధీ లాంటి విదేశీ విద్యార్థులూ వచ్చింది ఆ ఇంటికే.

కొత్తపేట_రవి రాశారు:
హార్బర్ తమ్ముడు చెప్పినదానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పాప్లర్‌లో పెట్టాలి, అక్కడ మానింగ్ ఒక్కడి పేరే కాదు, టిల్లెట్, మాన్, బర్న్స్ పేర్లు, చందాలు పంపిన ఆస్ట్రేలియా వాళ్ళ ప్రస్తావన కూడా ఉండాలి. సమ్మె గెలిచింది ఆకలికి తట్టుకుని నిలబడ్డ కూలీలు. మధ్యవర్తికి రావాల్సిన వాటా మధ్యవర్తికి ఇద్దాం. కార్లైల్ ప్లేస్ గోడ మీద మాత్రం సమ్మెను ఆయనే గెలిపించినట్టు రాస్తే నేను ఒప్పుకోను.

లూథియానా_కాదు_లూటన్ రాశారు:
మధ్యలో దూరుతున్నాను, అంత్యక్రియల సంగతి ఎవరూ చెప్పలేదు. 1892 జనవరి 14న పోయారు. అదే రోజు యువరాజు పెద్దకొడుకు, అంటే రాజ్యానికి వారసుడయ్యే కుర్రాడు కూడా పోయాడు, దేశమంతా ఆ దుఃఖంలో ఉంది. అయినా వారం తర్వాత ఈయన శవయాత్ర బ్రాంప్టన్ ఆరేటరీ చర్చి నుంచి కెన్సల్ గ్రీన్‌లోని క్యాథలిక్ శ్మశానం దాకా వెళ్తుంటే మైళ్ళ పొడవునా కార్మికులు, పేదజనం దారికి రెండు వైపులా నిలబడ్డారు. 1907లో అవశేషాల్ని వెస్ట్‌మినిస్టర్ కతీడ్రల్ నేలమాళిగలోకి మార్చారు, కార్లైల్ ప్లేస్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే.

కెన్సల్ గ్రీన్ అంటే తెలుగువాళ్ళకి ఇంకో సంబంధం ఉంది, అక్కడి పెద్ద శ్మశానంలోనే మన సి.పి. బ్రౌన్ గారి సమాధి. 1884లో పోయారు. క్యాథలిక్ శ్మశానం దాని పక్కనే. బ్రౌన్ గారి సమాధికి దండం పెట్టుకోవడానికి వెళ్ళే తెలుగువాళ్ళు పక్క గేటు వంక కూడా ఓసారి చూడొచ్చు.

పిమ్లికో_శ్రీను రాశారు:
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. నేను అనుకుంటున్నది చెప్తాను. ఉన్న ఫలకం మార్చమంటే ఎవరూ మార్చరు, అదీ ఇప్పుడు చరిత్రలో భాగమే. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ వాళ్ళకి ఆకుపచ్చ ఫలకాల పథకం వేరే ఉంది, పాప్లర్ వేరే కౌన్సిల్ కిందికి, టవర్ హామ్లెట్స్ కిందికి వస్తుంది. ముందు టవర్ హామ్లెట్స్‌కి రాద్దామని ఉంది, హార్బర్ తమ్ముడు చెప్పిన కారణంతోనే. ఆ వాడలో ఇప్పుడు బెంగాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి, గంట లెక్కన జీతం తీసుకుంటూ ఫోన్లో మెసేజ్ వస్తే పనికి పరిగెత్తే డెలివరీ కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళకి ఈ కథ ఎవరి కథో విడమరిచి చెప్పక్కర్లేదు.

పదాలు నాకు ఇలా తోచాయి: "1889 సెప్టెంబరు 10న రేవు కార్మికుల సమ్మె నాయకులు, కార్డినల్ మానింగ్ ఇక్కడి బడిలో కలిసి మాట్లాడారు. గంటకి ఆరు పెన్నీల కూలీ దక్కిన ఒప్పందానికి ఇక్కడే దారి పడింది." ఇంగ్లీషులో ఇంకా కుదించాలి. మీ సూచనలు చెప్పండి. గాంధీ గారి ప్రస్తావన కార్లైల్ ప్లేస్‌లో పెట్టమని విడిగా అడగొచ్చా?

గుణదల_అమ్మాయి రాశారు:
పదాలు బాగున్నాయి శ్రీను గారూ. ఆస్ట్రేలియా చందా కూడా చేర్చండి, పరాయి దేశపు కూలీలు పంపిన డబ్బు అది. ఇక్కడి విచారణలో ఎవరన్నా ఫాదర్ గారు ఉంటే ఆయన సంతకం కూడా తీసుకోండి, బలం ఉంటుంది.

క్యామ్డెన్_సుధ రాశారు:
గాంధీ పేరు ఇప్పుడే వద్దు శ్రీనూ. ఆ పేరు పెడితే అందరూ గాంధీ కోసమే వస్తారు, ముసలాయన మళ్ళీ వెనక్కి పోతాడు. ముందు సమ్మె సంగతి తేలనీ. అప్లికేషన్ డ్రాఫ్ట్ నాకు పంపు, వీకెండ్‌లో కూర్చుని చూస్తాను.

హార్బర్_కుర్రోడు రాశారు:
నా వోటు సుధక్కకే. డ్రాఫ్ట్ తెలుగులో కూడా ఒకటి పెట్టన్నా, నాన్నకి చదివి వినిపించాలి.